కత్తికి పేరుంది

మనిషిని చంపడానికని చేసిన వస్తువును, ఆ పని అయిపోయి నూరేళ్ళు దాటాక, అందంగా ఉంది కదా అని డబ్బిచ్చి కొని గోడకు తగిలించుకోవచ్చునా? ఈ ప్రశ్న మా మధ్య చాలాసార్లు వచ్చింది. ఆదివాసులకు ఇంగ్లీషు దొరల కత్తులతో ఏం పని అని కొందరు నవ్వారు కూడా. పని ఉంది. మన్యం గురించి కాగితం మీద దొరికే పాత సంగతుల్లో చాలా భాగం, మా తాతల పేర్లు వచ్చే నాలుగు ముక్కలతో సహా, ఆ కత్తులు నడుముకు కట్టుకొని వచ్చినవాళ్ళు రాసిందే. వాళ్ళ రాతను ఎప్పటి నుంచో చదువుతూనే ఉన్నాం. వాళ్ళ కత్తిని కూడా చదవాలి అనిపించింది.

ముందుగా ఆ సేకరించేవాళ్ళ సంగతి. బ్రిటన్‌లో పాత సైనిక కత్తులు కూడబెట్టడం చాలామందికి ఉన్న అలవాటు. అందరూ జమీందార్ల బిడ్డలేం కాదు. బడి పంతుళ్ళు ఉంటారు, పింఛను మీద బతికే పాత సిపాయిలు ఉంటారు, ఇనుప పని చేసే కార్మికులూ ఉంటారు. వేలాలకు పోతారు, పాత ఆయుధాల సంతలకు పోతారు, పుస్తకాలు ముందేసుకొని కూర్చుంటారు. బ్రయాన్ రాబ్సన్ అనే ఆయన 1975లో బ్రిటిష్ సైన్యపు కత్తుల మీద రాసిన పుస్తకం వాళ్ళకు పెద్దబాలశిక్ష లాంటిది. వాళ్ళను రక్తం రుచి మరిగిన మనుషులుగా బొమ్మ గీయడం తేలిక. అది నిజం కాదు. మా ఊళ్ళలో గింజ చూసి ఏ కొండ వాలున పండిందో చెప్పే ముసలివాళ్ళు ఉంటారు. వాళ్ళ ఓపిక లాంటి ఓపికే వీళ్ళదీ.

ఆ కత్తుల్లో రకాలను వాళ్ళు సంవత్సరంతో పిలుస్తారు. 1796 నమూనా అంటే తేలిక గుర్రపు దళం కత్తి. లే మార్షాంట్ అనే సైనికాధికారి, ఆజ్‌బర్న్ అనే బర్మింగ్‌హామ్ కత్తుల తయారీదారు కలిసి దాన్ని తీర్చారు. సుమారు 33 అంగుళాల అలుగు, బాగా వంపు, మొన దగ్గరికి వచ్చేసరికి వెడల్పు. బరువంతా ముందుకు ఉండటం వల్ల వేటు లోతుగా దిగుతుంది. 1822 నమూనా పదాతి అధికారిది. పిడి చుట్టూ ఇత్తడి ఊచల జాలీ, దాని మధ్య రాజు గారి పేరు పొడి అక్షరాలు. ఈస్టిండియా కంపెనీ అధికారుల కత్తుల మీద ఆ చోట రాజముద్ర బదులు కంపెనీ సింహం ఉంటుంది. 1845లో ఆ నమూనాకే విల్కిన్సన్ రూపొందించిన కొత్త అలుగు పెట్టారు. 1897 నమూనా పదాతి అధికారి కత్తిని ఇవాళ్టికీ పరేడ్లలో పట్టుకుంటున్నారు. గుర్రపు సిపాయికి చివరిగా ఇచ్చిన పెద్ద నమూనా 1908ది. నరకడానికి పనికిరాదు, పొడవడానికే. దానిలో ఇండియా సిపాయిల కోసం పిడి కాస్త చిన్నది చేసిన రకం కూడా ఉంది. చేతి కొలత తీసుకున్నారన్న మాట. మా చేతుల కొలత ఎవరూ తీసుకోలేదు. మేం ఆ కత్తికి రెండో వైపు ఉన్నవాళ్ళం.

అలుగు మీద, పిడి మీద చిన్న చిన్న ముద్రలు ఉంటాయి. కిరీటం కింద అంకె ఉంటే ప్రభుత్వ తనిఖీ అయిందని. బాణపు గుర్తు ఉంటే అది సర్కారు సొత్తని. రెండు బాణాలు మొనలు తాకేలా ఎదురెదురుగా ఉంటే, సైన్యం దాన్ని పనికిరాదని అమ్మేసిందని. ఇండియాకు పంపిన వాటికి వేరే అక్షరాలు. ఇవన్నీ వేలిగోరంత ఉంటాయి. భూతద్దం పట్టి చూసి, కత్తి పుట్టిన ఊరు, కొలువు చేసిన పటాలం, కొలువు మానిన వైనం చెబుతారు.

మాకు అన్నింటికంటే ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది విల్కిన్సన్ వాళ్ళ లెక్క పుస్తకం. లండన్‌లోని ఆ కంపెనీ 1850ల నుంచి తాను చేసిన మేలు రకం కత్తుల వీపు మీద ఒక వరుస అంకె చెక్కేది. ఏ అంకె కత్తి ఏ రోజున తయారైంది, ఎవరు కొన్నారు అని పుస్తకంలో రాసుకునేది. 2005లో ఆ కంపెనీ కత్తులు చేయడం మానేసింది, కానీ ఆ పాత పుస్తకాలు మిగిలాయి. అంకె చెరగకుండా ఉంటే చాలు, నూటయాభై ఏళ్ళ కిందటి అధికారి పేరు బయటకు లాగొచ్చు. పేరు దొరికితే సైన్యపు జాబితాల్లో అతను ఎప్పుడు చేరాడు, ఏ యుద్ధానికి వెళ్ళాడు, ఏ పతకం వచ్చింది అన్నీ దొరుకుతాయి. ఒక ఇనుప ముక్కకు ఇంటిపేరు, ఊరు, వంశం అన్నీ ఉన్నాయి.

ఇక్కడే మా అసలు పేచీ మొదలవుతుంది.

సేకరించేవాళ్ళను తప్పు పడితే వాళ్ళు సాధారణంగా చెప్పే మాట ఒకటుంది. ఇనుముకు పాపం అంటదు, పాపం చేయించిన చేతిది, ఆ చెయ్యి ఎప్పుడో మట్టిలో కలిసింది అంటారు. మాట సబబుగానే ఉంది. మేమూ అదే నమ్ముతాం. మా గూడేల్లో కొట్లాటలో మనిషి చచ్చిన గొడ్డలిని కొందరు ఏట్లో పారేస్తారు, కొందరు కొలిమిలో పెట్టించి మళ్ళీ కట్టె కొట్టుకుంటారు. రెండు రకాల మనుషులూ ఉన్నారు. ఏది సరి అని పెద్దమనుషులు కూడా తేల్చలేదు.

అయితే ఇనుము నిర్దోషి అయినప్పుడు, ఒకే నమూనా కత్తులు రెండింటికి వేర్వేరు ధరలు ఎందుకు? ఒకటి ఎప్పుడూ ఒర దాటని కత్తి. రెండోది లక్నో ముట్టడిలోనో వాటర్లూలోనో ఉన్నట్టు రుజువు ఉన్న కత్తి. రెండోదానికి ఎన్నో రెట్లు ఇస్తారు. అలుగు వాదర మీద పదును పెట్టిన ఆనవాలు ఉంటే ఇంకా మురిసిపోతారు. ఎందుకంటే మామూలు రోజుల్లో అధికారి కత్తికి పదును ఉండదు. యుద్ధానికి కదిలే ముందు సాన పట్టిస్తారు. సాన పట్టారంటే అది యుద్ధానికి వెళ్ళింది. వాదర మీద ఒక గంటు ఉంటే, అది దేన్ని తాకిన గంటు అని మాట్లాడుకుంటారు.

ఇనుము మీదికి పాపం ఎక్కదు గానీ పేరుప్రతిష్ఠ మాత్రం ఎక్కుతుంది అనడం ఏ ధర్మం? ఎక్కితే రెండూ ఎక్కాలి, లేకపోతే రెండూ ఎక్కకూడదు. ఇది వట్టి ఇనుమే అయితే ఇనుము ధర ఇవ్వండి, లేదా కమ్మరి పనితనానికి ధర ఇవ్వండి. అది వెళ్ళిన యుద్ధానికి ధర ఇస్తుంటే ఆ యుద్ధం కూడా మీ ఇంట్లోకి వచ్చినట్టే. చచ్చినవాళ్ళతో సహా వస్తుంది. సగం యుద్ధాన్ని గుమ్మం బయట నిలబెట్టి సగాన్ని లోపలికి తీసుకోవడం కుదరదు.

దీనికి వాళ్ళ దగ్గర ఇంకో జవాబు ఉంది. పందొమ్మిదో శతాబ్దం సగం గడిచాక అధికారి కత్తి ఎవరినీ పెద్దగా చంపలేదు, చంపింది తుపాకీ అంటారు. చాలావరకు నిజం. అయితే ఆ కత్తి ఏం చేసింది? అధికారి దాన్ని పైకెత్తి చూపించేవాడు. కత్తి చూపించిన వైపు తుపాకులు పేలేవి. కొయ్యలేదు గనుక దానికి ఏమీ తెలియదు అనడం, సంతకం పెట్టినవాడు ఎవరినీ కొట్టలేదు కదా అన్నట్టుంటుంది. మన్యంలో భూమి పోయినవాళ్ళందరికీ సంతకం సంగతి తెలుసు.

1855లో సంతాలులు సిదో, కాన్హూల నాయకత్వాన లేచినప్పుడు వాళ్ళ చేతుల్లో ఉన్నవి విల్లంబులు, గొడ్డళ్ళు. ఎదురుగా వచ్చినవి కంపెనీ తుపాకులు. ఆ పోరులో పాల్గొన్న ఒక అధికారి తరువాత చెప్పుకున్న మాటలను హంటర్ అనే ఇంగ్లీషు ఉద్యోగి 1868లో బెంగాల్ పల్లెల మీద అచ్చువేసిన పుస్తకంలో చేర్చాడు. దాని సారం ఇది. అది యుద్ధమే కాదట. డోలు మోగుతున్నంతసేపు సంతాలులు అలా నిలబడి కాల్పులకు కూలిపోయేవాళ్ళట, లొంగడం అంటే ఏమిటో వాళ్ళకు తెలియదట, ఆ పని చేసిన సిపాయిలకే సిగ్గేసిందట. అధికారి మాట అది. మేం కల్పించింది కాదు. ఆ కాలపు కంపెనీ పదాతి అధికారుల నడుముకు వేలాడింది మనం పైన చెప్పుకున్న ఇత్తడి జాలీ పిడి కత్తి. ఈ రోజు అటువంటి కత్తి వేలంలో కనబడితే దాని పక్కన ఉండే వివరంలో అలుగు పొడవు ఉంటుంది, ఒర తోలుదా ఉక్కుదా అని ఉంటుంది, తుప్పు ఎంత ఉందో ఉంటుంది. సిగ్గు గురించి ఉండదు. దాన్ని పట్టుకున్నవాడు పడ్డ సిగ్గు కూడా దాని చరిత్రలో భాగం కాదా? పతకం వచ్చిందని రాస్తే, సిగ్గుపడ్డారనీ రాయాలి.

ఇదే సందర్భంలో ఇంకో ముచ్చట. 1880ల నడుమ సూడాన్ యుద్ధంలో బ్రిటిష్ బాయొనెట్లు, నావికుల కత్తులు పొడిచినప్పుడు వంగిపోయాయని లండన్‌లో పెద్ద గోల అయింది. పత్రికలు తిట్టాయి, జర్మనీ నుంచి తెప్పించిన అలుగులే దీనికి కారణమని కొట్లాడుకున్నారు, పాత కత్తులను మళ్ళీ పరీక్షలకు పెట్టారు. ఆ తరువాతి నమూనాలు గట్టివి కావడానికి ఆ రచ్చే కారణమని సేకరించేవాళ్ళు ఇష్టంగా చెప్పుకుంటారు. కత్తి వంగిందని అంత రచ్చ జరిగింది. అది ఎవరి ఒంట్లో దిగబోయి వంగిందో అని అందులో పదో వంతు రచ్చ జరిగినట్టు మాకు కనబడలేదు.

ఇప్పటిదాకా రాసింది చదివితే మేం ఒకవైపు, దొరలు ఒకవైపు అన్నట్టుంది. లెక్క అంత తేలిక కాదు. దీనికి నోలన్ అనే గుర్రపు దళపు కెప్టెన్ రాసిన సంగతి చూడాలి. ఈయన మద్రాసు రాజధానిలో కొన్నేళ్ళు కొలువు చేశాడు. 1853లో గుర్రపు సేనల మీద పుస్తకం వేశాడు. మరుసటి ఏడాది అక్టోబర్ 25న క్రిమియాలో బాలక్లావా దగ్గర చచ్చిపోయాడు. ఆ పుస్తకంలో హైదరాబాద్ నిజాం గుర్రపు బలగం తిరగబడ్డ ఒక గుంపుతో తలపడిన కథ ఉంది. తలలూ చేతులూ ఒక్క వేటుకు తెగిపోయాయని డాక్టరు రాసిన నివేదిక చూసి నోలన్ విస్తుపోయాడు. వీళ్ళ దగ్గర ఏ మాయ కత్తులున్నాయో అని వెళ్ళి చూశాడు. తీరా చూస్తే అవి బ్రిటిష్ సైన్యం పనికిరావని పారేసిన పాత డ్రగూన్ అలుగులు. ఇక్కడివాళ్ళు వాటికి దేశీ పిడి వేయించి, మంగలి కత్తిలా సాన పట్టి, కొయ్య ఒరలో పెట్టుకున్నారు. బ్రిటిష్ సిపాయి అదే కత్తిని ఉక్కు ఒరలో పెట్టి, లాగినప్పుడల్లా వాదర పోగొట్టుకునేవాడు. అంతే తేడా. ఈ కథను సేకరించేవాళ్ళలో చదవనివాడు ఉండడేమో. ఇక్కడి కమ్మరి తెలివికి, కొయ్య ఒర తెలివికి అది పొగడ్త. చదివితే తెలుగువాడిగా ఛాతీ పొంగవచ్చు.

మాకు పొంగలేదు. బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన అలుగు, దక్కను కమ్మరి పట్టిన సాన, నిజాం జీతం తిన్న చెయ్యి, తెగిపడింది ఇక్కడి మనిషి తల. ఇందులో పాపం ఏ ఊరిది? బ్రిటిష్ కత్తి అని మనం అంటున్న వస్తువు ఎంత తొందరగా మన కత్తి అయిపోయిందో చూడండి. తెగిన తలలు ఎవరివో నోలన్ పేర్లు చెప్పలేదు. కత్తి పుట్టుక మాత్రం వెతికి పట్టుకున్నాడు.

రంపలో జరిగిందీ ఇలాంటిదే. 1879 మార్చిలో రంప లేవడానికి కారణం ఏ రాజో రాజ్యమో కాదు. జీలుగు కల్లు మీద పన్ను, ఇంట్లో తాగడానికి కూడా గీసుకోరాదన్న కొత్త అబ్కారీ చట్టం, మాంసబ్దారు వసూళ్ళు, పోలీసుల జులుం. దాన్ని అణచడానికి మద్రాసు పోలీసులతో పాటు పదాతి దళాలు వచ్చాయి, గుర్రపు దళం వచ్చింది, హైదరాబాద్ కంటింజెంట్ నుంచి కూడా బలగం వచ్చింది. అధికారులు ఇంగ్లీషువాళ్ళు, సిపాయిలు మన పక్క ఊళ్ళ వాళ్ళు. ద్వారబంధాల చంద్రయ్యను 1880లో చంపారు. చాలామందిని అండమాన్‌కు పంపారు. ఆ బలగాల్లోని ఏ అధికారి కత్తయినా ఇప్పుడు ఏ వేలంలోనో తేలితే, అతని పేరు పుస్తకాల్లో దొరుకుతుంది. అండమాన్‌కు పోయినవాళ్ళలో చాలామంది పేర్లు వాళ్ళ మనవల మనవలకు కూడా దొరకవు. మా ముత్తాత ఎటో పోయాడట అన్న ఒక్క ముక్కే మా ఇళ్ళలో మిగిలింది. కత్తికి చిరునామా ఉండి మనిషికి లేకపోవడం, మేం అడుగుతున్న నీతి ప్రశ్న అంతా ఇందులోనే ఉంది.

అయితే ఆ కత్తులను కరిగించాలా? మా వాళ్ళలో ఒకరిద్దరు అలాగే అన్నారు. మేం ఒప్పుకోలేదు. కరిగిస్తే అంకె పోతుంది, అంకెతో పాటు అధికారి పేరు పోతుంది. అధికారి పేరు పోతే అతను వెళ్ళిన చోటు, చేసిన పని రుజువు చేసే ఒక దారి మూసుకుపోతుంది. మా దగ్గర కాగితం లేదు. వాళ్ళ దగ్గర ఉన్న కాగితాన్నీ ఇనుమునూ మేమే తగలబెట్టుకోవడం ఏం తెలివి? నిజం చెప్పాలంటే తుప్పు గోకకుండా, ముద్ర అరగకుండా కత్తిని కాపాడిన ఆ బ్రిటిష్ ముసలాయన మాకు తెలియకుండానే మాకో మేలు చేశాడు. పాత కత్తిని తళతళ మెరిసేలా రుద్దకూడదని ఆ సేకరించేవాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. రుద్దితే గుర్తులు పోతాయని. ఆ కట్టుబాటు మాకు నచ్చింది. అదే కట్టుబాటును కథకు కూడా పాటిస్తే బాగుండేది. కథను మాత్రం తళతళలాడేలా రుద్దుతూనే ఉన్నారు.

అందం సంగతి కూడా దాటేయకూడదు. 1796 అలుగు అందమైనదే. కాదంటే అబద్ధం. మేం ఇనుము తెలిసినవాళ్ళం. ఇటుకల పండుగ నాడు మగవాళ్ళు వేటకు పోయేటప్పుడు అంబు మొన బరువును వేలి మీద పెట్టి తూచి చూసే వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వంకర లేని వెదురు, సమంగా కట్టిన ఈక, పలచగా కొట్టిన మొన చూస్తే మా కళ్ళకూ ఆనందమే. ఆ అంబూ చంపడానికే. పందిని చంపింది, ఒక్కోసారి మనిషినీ చంపింది. రంపలోనూ, 1922లోనూ మా వైపు నుంచి కూడా మనుషులు చచ్చారు. మా చేతులు కడిగిన ముత్యాలని చెప్పుకోవడానికి ఈ వ్యాసం రాయడం లేదు. కాబట్టి ఆయుధాన్ని చూసి అందంగా ఉంది అనడమే పాపం అనే మాట మేం అనలేం. అంటే మా తాతల విల్లును కూడా దించేయాలి.

తేడా ఉంటే ఎక్కడుంది? మా ఇంటి దూలానికి ఉన్న విల్లు ఎవరిదో, దాంతో ఏం జరిగిందో అడిగితే ఇంట్లో ముసలమ్మ చెబుతుంది. మంచీ చెబుతుంది, చెడ్డా చెబుతుంది. ఫలానా వాడిని తొందరపడి కొట్టాడు, దానికి తప్పు కట్టాడు, రెండు మేకలు పెట్టాడు అని కూడా చెబుతుంది. విల్లు అమ్ముడుపోయి పట్నంలో ఏ హోటల్ గోడకో చేరిందనుకోండి, ముసలమ్మ దానితో పోదు. అక్కడ అది ఆదివాసీ కళ అవుతుంది. అలా అయిపోయినవి మా విల్లులూ డోళ్ళూ చాలా ఉన్నాయి. అమ్మింది మా వాళ్ళే, ఆకలికి. కాబట్టి మేం బ్రిటిష్ సేకరణదారును అడిగే ప్రశ్న మా విల్లు కొన్న హైదరాబాద్ ఆసామినీ అడుగుతున్నాం.

చట్టాల సంగతి ఒక ముక్క. బ్రిటన్‌లో 2008లో 50 సెంటీమీటర్లు దాటిన వంపు కత్తుల అమ్మకాన్ని నిషేధించారు. నూరేళ్ళు దాటిన పాతవాటిని మినహాయించారు. నూరేళ్ళు దాటితే అది ఆయుధం కాదు, పురావస్తువు. మన దగ్గర 1878 ఆయుధాల చట్టం దేశమంతా లైసెన్సు లేకుండా ఆయుధం ఉంచుకోరాదంది. స్వతంత్రం వచ్చాక 1959లో వచ్చిన చట్టం ఇంటిపనికీ సేద్యానికీ వాడే వస్తువులు ఆయుధాలు కావంది. కాగితం మీద మా గొడ్డలి పనిముట్టే. దారిలో అదే గొడ్డలిని భుజం మీద చూసి ఎటు పోతున్నావురా, ఎవరి కోసం పోతున్నావురా అని నిలబెట్టి అడిగినవాళ్ళను మాలో ప్రతివాడూ చూశాడు. కట్టె కొట్టే గొడ్డలి మా భుజాన ఆయుధం అవుతుంది, మనిషిని నరికిన కత్తి వాళ్ళ గోడన అలంకారం అవుతుంది. వస్తువు ఏమిటనేది వస్తువును బట్టి కాకుండా పట్టుకున్నవాడిని బట్టి తేలుతోంది. ఇంకో వింత ఏమిటంటే, సినిమాలకూ సేకరణలకూ ఆ పాత బ్రిటిష్ నమూనాల నకళ్ళు ఇవాళ మన డెహ్రాడూన్‌లో తయారై విదేశాలకు పోతున్నాయి. ఆ కార్మికుల కూలి గురించి వేరే వ్యాసం రాయాలి.

దోచుకుపోయిన వస్తువుల గురించి ఇప్పుడు కొంత మాట నడుస్తోంది. 2022 ఆగస్టులో గ్లాస్గో మ్యూజియంలు ఇండియాకు ఏడు వస్తువులు తిరిగి ఇస్తామని ఒప్పందం చేసుకున్నాయి. వాటిలో ఒకటి 1905లో నిజాం సొత్తులోంచి దొంగతనంగా అమ్ముడుపోయి ఒక బ్రిటిష్ జనరల్ చేతికి చేరిన తల్వార్. తిరిగి ఇస్తే మంచిదే. నిజాం కత్తి నిజాం ఊరికి వస్తుంది. కానీ బ్రిటిష్ కత్తి సంగతి వేరు. అది వాళ్ళదే. వాళ్ళ ఉక్కు, వాళ్ళ డబ్బు, వాళ్ళ రాజు అక్షరాలు. దాన్ని మాకు ఇమ్మని అడగడానికి ఏ హక్కూ లేదు, ఇస్తే పెట్టుకోవడానికి చోటూ లేదు. మాకు రావలసింది దాని లెక్కలో రెండో సగం. ఆ కత్తి ఏ కొండకు వచ్చింది, ఆ వారం ఆ కొండ మీద ఏ గూడెం కాలింది, ఎవరిని పట్టుకున్నారు, ఎవరిని ఎక్కడికి పంపారు. సేకరించేవాడు అధికారి పేరు కోసం నెలల తరబడి పాత జాబితాలు తిరగేస్తాడు కదా. ఆ కాగితాల్లోనే, నాలుగు పుటల అవతల, పట్టుబడ్డవాళ్ళ జాబితా కూడా ఉంటుంది కొన్నిసార్లు. అక్కడిదాకా వచ్చినవాడు ఆ నాలుగు పుటలూ తిరగేయాలి. అధికారి పేరు పక్కన ఆ పేర్లూ రాసి కత్తికి కట్టాలి. పేర్లు దొరకకపోతే దొరకలేదని రాయాలి, ఖాళీ వదిలి. అప్పుడు గోడకు తగిలించుకున్నా మాకు పేచీ లేదు. తగిలించుకోవాలని వాళ్ళకే అనిపిస్తుందో లేదో తరువాత మాట.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. కాగితం చేతిలో లేని మనుషులు ఈ పని ఒకసారి చేసి చూపించారు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు, గాం మల్లుదొర, గాం గంటందొర, వాళ్ళ వెంట మన్యం మనుషులు వరసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి ఆయుధాలు ఎత్తుకుపోయారు. పోతూ పోతూ ఏమేం తీసుకున్నారో స్టేషన్ పుస్తకంలో లెక్క రాసి, కింద సంతకం పెట్టి పోయారని మా పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. తుపాకులు ఎన్ని, తూటాలు ఎన్ని, తీసుకున్నది ఎవరు. ఆ పుట ఏ కచేరీ బీరువాలోనైనా, ఏ దేశంలో ఎవరి పెట్టెలోనైనా ఉంటే, అసలు అక్కర్లేదు, మాకొక నకలు పంపండి.